ఎలుకల గుహ, ఇనప సుత్తి

శ్రీరామ్ రాఘవన్ తొలి సినిమా ‘ఏక్ హసీనా థీ’ 2004లో వచ్చింది. నిర్మాత మన రాంగోపాల్ వర్మే. మళ్లీ 2015లో అదే దర్శకుడు ‘బద్లాపూర్’ తీశాడు. రెండూ పగ కథలే. మొదటి సినిమాలో మనం ఏ బెరుకూ లేకుండా పగబట్టిన మనిషి పక్షాన నిలబడతాం. రెండోదానిలో ఆ పక్షాన నిలబడినందుకే సిగ్గుపడతాం.

‘అంతం’, ‘గాయం’ నాటి నుంచి మనమెరిగిన ఊర్మిళ ‘ఏక్ హసీనా థీ’లో ట్రావెల్ ఏజెన్సీలో పనిచేసే సారిక. సైఫ్ అలీఖాన్ వేసిన కరణ్‌ను నమ్ముతుంది. అతని నేరం ఆమె నెత్తిన పడుతుంది. ఆదుకోవాల్సిన లాయరూ అతని మనిషే. ఏడేళ్ల శిక్ష. ఎలుకను చూస్తే వణికే పిల్ల జైల్లో మొద్దుబారడం, తర్వాత రాటుదేలడం ఈ సినిమాలో అన్నిటికన్నా గట్టి భాగం. ఊర్మిళ ముఖంలో మెత్తదనం రోజురోజుకీ ఇంకిపోతుంటే చూస్తూ ఉండిపోతాం. తప్పించుకుని వచ్చి కరణ్‌ను ఎలుకల గుహలో కట్టేసి వెళ్లినప్పుడు మనకు జాలి పుట్టదు. ఆ తర్వాత ఆమె నేరుగా పోలీసులకు లొంగిపోతుంది. పగా తీరింది, చట్టం మాటా దక్కింది. దర్శకుడికి మరీ చవగ్గా దొరికిన ముగింపు ఇది.

‘బద్లాపూర్’లో ఆ చవక బేరం లేదు. కదలని కెమెరా ముందు పుణెలో ఒక మామూలు వీధి. చూస్తుండగానే బ్యాంకు దోపిడీ, పారిపోతున్న దొంగల చేతిలో కథానాయకుడు రఘు భార్యాబిడ్డల చావు. ఇక్కడ చట్టం మోసపోలేదు. దొరికిన దొంగ లియాక్‌కు ఇరవయ్యేళ్లు వేసింది. రెండోవాడి పేరు మాత్రం అతను బయటపెట్టడు. పదిహేనేళ్లు గడిచేసరికి లియాక్‌కు క్యాన్సర్, ఆ రెండోవాడు హర్మన్‌కు రెస్టారెంటు, పెళ్లాం, పరువు. రఘుకి మిగిలింది ఎదురుచూపు. చివరికి హర్మన్‌నే కాదు, దోపిడీతో ఏ సంబంధమూ లేని అతని భార్యనూ సుత్తితో చంపేస్తాడు. ఆ రెండు హత్యలనూ తన మీద వేసుకుని జైలుకు తిరిగి వెళ్లేది ఎవరో కాదు, లియాక్. తుపాకీ పేల్చింది కూడా తనేనని జైలుకు వెళ్లే ముందు రఘుకి చెప్పేస్తాడు. అంటే హర్మన్ కాల్చనే లేదు.

నవాజుద్దీన్ సిద్దిఖీ ఈ లియాక్‌ను మంచివాడిగా మార్చే ప్రయత్నమే చేయడు. అబద్ధాలకోరు, చిల్లర వేషాలవాడు, చివరిదాకా అంతే. అందుకే అతని త్యాగం మన గొంతులో ముల్లులా దిగుతుంది. అతని ముందు రఘుగా వరుణ్ ధావన్ తేలిపోయాడు. పదిహేనేళ్ల బరువు గడ్డంలో ఉంది గానీ కళ్లలోకి రాలేదు. అన్నట్టు, మొదటి సినిమాలో సారికను చేరదీసిన జైలు ఖైదీ, ఇందులో లియాక్ తల్లి ఒకే నటి, ప్రతిమా కాజ్మీ.

నా ఓటు ‘బద్లాపూర్’కే, ఒక పేచీతో. సారిక తన పగకు తానే కర్త. రఘు పగలో ఆడవాళ్లు పనిముట్లు. లియాక్ మీది కసితో అతని ప్రియురాలైన వేశ్య ఝిమ్లీని హింసిస్తాడు, హర్మన్‌ను లొంగదీయడానికి అతని భార్యను అవమానిస్తాడు. అది రఘు పతనమని దర్శకుడికి తెలుసు. అయినా కెమెరా రఘు ముఖాన్ని వదలదు. ఆ ఆడవాళ్ల వైపు నుంచి ఒక్క సన్నివేశమైనా సరిగ్గా రాసుకోలేదు. లియాక్‌కు ఇచ్చినంత చోటు ఝిమ్లీకీ ఇచ్చి ఉంటే రఘుని క్షమించే అవకాశం లియాక్ ఒక్కడికే దక్కేది కాదు.