జూన్ ఒక్కటే చాలదు

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక ఫీజు రసీదు. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా పై అంతస్తు అమ్మాయి పదకొండో తరగతి. వేసవి సెలవుల్లో ‘సస్టెయినబిలిటీ ఇంటర్న్‌షిప్’ చేసింది. ‘‘అన్నయ్యగారూ, రిపోర్టు కాస్త చూసిపెట్టండి. బయటి యూనివర్సిటీలకు పంపాలంట’’ అని వాళ్లమ్మ ఫైలు ఇచ్చి వెళ్లింది. రసీదు అందులోనే ఉండిపోయింది. నెల రోజులకు ఆ సంస్థ తీసుకున్న డబ్బు మా ఇంట్లో పనిచేసే ఆవిడ నాలుగిళ్లు తిరిగి మూడు నెలల్లో సంపాదించేది. పని చేయడానికి వచ్చిన పిల్ల దగ్గరే డబ్బు తీసుకోవడమా?

ఫైలు తిరగేశాను. మొక్క నాటుతున్న ఫొటో ఉంది, అది ఏ మొక్కో ఎక్కడా లేదు. ప్లకార్డు పట్టుకున్న ఫొటో. చివర సర్టిఫికెట్, దాని మీద ‘యూత్ క్లైమేట్ లీడర్’ అన్న బిరుదు.

ఢిల్లీ, విద్యార్థులు, పర్యావరణం... ఈ మూడూ కలిస్తే నేను 1979కి వెళ్లిపోతానని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. ఆరావళి కొండల కొస ఈ ఊళ్లోకి చొచ్చుకొచ్చిన చోటు రిడ్జ్. అక్కడి అడవిని కొట్టేస్తున్నారని ఆ ఏడాది స్కూలు పిల్లలు, కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. అదే ‘కల్పవృక్ష్’ అనే సంస్థ అయింది. ఆశిష్ కొఠారీ ఆ పిల్లల్లో ఒకడు. ఊరేగింపు అయ్యాక వాళ్లు ఇళ్లకు పోయి ఊరుకోలేదు. 1983లో నర్మద లోయ వెంట నడిచారు. ఆనకట్టల కింద మునిగిపోబోయే ఊళ్లు చూశారు, మనుషుల్ని అడిగారు, చూసిందీ విన్నదీ రాసి మరుసటి ఏడాది అచ్చువేశారు. నర్మద పేరు దేశమంతా మారుమోగడం ఆ తర్వాతి సంగతి.

రిడ్జ్‌లో ఇవాళ నడిస్తే ఎటు చూసినా విలాయతీ కీకరే, మన సర్కారు తుమ్మ. ఇంగ్లీషువాళ్ల కాలంలో తెచ్చి నాటారు. తన నీడన మరో మొక్కను అంత తేలిగ్గా లేవనివ్వదు. దూరం నుంచి చూస్తే అంతా పచ్చగానే ఉంటుంది. అందులో ఆరావళి సొంత చెట్టు ఏదో తెలియాలంటే దగ్గరికెళ్లి ఆకు పట్టుకు చూడాలి. పక్కన ఎరిగినవాళ్లు ఒకరుండి చెప్పాలి. మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఉద్యమం అంటాం గానీ, అందులో సగం ఇలా ఒకరి వెంట తిరిగి నేర్చుకోవడమే.

ఇంటర్న్‌షిప్ అసలు చేయాల్సిన పని కూడా ఇదే కదా! ఆ అమ్మాయి రిపోర్టులో ఒక పేజీ ఆ సంగతే చెప్పింది. వాళ్ల వంటింట్లో ఆర్వో మిషను నుంచి సింకులోకి పోయే సన్న గొట్టాన్ని తీసి బకెట్‌లో పెట్టింది. లీటరు మంచినీళ్లు పట్టేసరికి బకెట్‌లోకి మూడు లీటర్లకు పైగా చేరాయి. జలబోర్డు కుళాయి నీళ్లలో టీడీఎస్, అంటే కరిగి ఉన్న లవణాలు, ఎంతుందో మీటరు పెట్టి చూసింది. లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటే బాగా తక్కువ. అలాంటి చోట ఆర్వో వాడకాన్ని ఆపించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలోనే కేంద్రానికి చెప్పింది. ఆ పిల్ల పొద్దునా సాయంత్రం కొలిచి, చేత్తో గళ్లు గీసి రాసుకుంది. ఒక గడి పక్కన ఎర్ర సిరాతో ‘ఈ రీడింగ్ మళ్లీ తీయి’ అని ఎవరో రాశారు. కింద కొత్త అంకె ఉంది.

రిజిస్టర్ రాయని ఉద్యమం నిలవదని నేను అంటూనే ఉంటాను. ఆ ఎర్ర సిరా చేతికి నమస్కారం. ఈ పిల్ల సర్టిఫికెట్ కోసమే వెళ్లి ఉండొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. తప్పయితే మళ్లీ కొలవమనేవాళ్లు ఒకరు దొరికారు, అది చాలు. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2006 నుంచి నడుపుతున్న గ్రీన్ స్కూల్స్ ప్రోగ్రాంలో పిల్లలు చేసేది కూడా ఇలాంటి ఆడిటే. తమ బడి గాలి, నీరు, నేల, కరెంటు, తిండి, చెత్త తామే లెక్క చూస్తారు.

2017లో గాజీపూర్ చెత్తకొండ కూలి ఇద్దరు చనిపోయినప్పుడు విహాన్, నవ్ అనే ఢిల్లీ అన్నదమ్ములు ఇంట్లో చెత్త వేరుచేయడం మొదలెట్టారు. ఒక్క ఇంటి చెత్త కోసం బండి రానంటే చుట్టుపక్కల ఇళ్లను కలుపుకున్నారు. 2021లో వాళ్లకు అంతర్జాతీయ బాలల శాంతి బహుమతి వచ్చింది. బండి ఎందుకు రాదో కనుక్కోవడమే వాళ్లు చేసిన పెద్ద పని అని నా నమ్మకం.

ఫీజు మీద కోపం మాత్రం తగ్గలేదు. గాజీపూర్ వాసన మయూర్ విహార్‌కు వస్తుంది, పక్కనే ఉన్న త్రిలోక్‌పురికీ వస్తుంది. త్రిలోక్‌పురి సర్కారు బడి పిల్లకు ఈ ఎర్ర సిరా ఎవరు దిద్దుతారు? బళ్లలో ఎకో క్లబ్బులు ఉండనే ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ పెట్టే సంస్థలు వాటి ద్వారా పిల్లల్ని తీసుకుని బస్సు చార్జీలు, టిఫిను ఖర్చు ఎదురివ్వాలి. ఇంకొకటి, ఈ ఇంటర్న్‌షిప్పులన్నీ జూన్‌లోనే పెడుతున్నారు. ఢిల్లీ గాలి పాడయ్యేది నవంబరులో. కాలుష్యం ముదిరితే దశలవారీగా ఆంక్షలు పెట్టే ‘గ్రాప్’లో నాలుగో దశ పెట్టి పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టి ఆన్‌లైన్ క్లాసులు చెప్పే నెల అది. నాలుగు వారాల పనిని ఏడాదికి పరచి, వారానికి ఒక్క పూట, ఒకే చోటికి, ఒకే మనిషి వెంట పంపితే ఆ పిల్లలు ఎండనూ చూస్తారు, వాననూ చూస్తారు, ఆ పొగనూ కొలుస్తారు. వచ్చే వేసవికి ప్రకటనలు వేసే సంస్థలు ఈ మార్పు ఇప్పుడే చేసుకోవచ్చు.