తవుడు సంచులు కట్టే చేయి

గుడివాడ దాటి ముదినేపల్లి వైపు వెళ్తే చేపల చెరువుల్లో వరుసగా పాతిన కర్రలు కనిపిస్తాయి. వాటికి నూనె తీసిన తవుడు సంచులు, అడుగున చిల్లులతో, నీళ్లలోకి వేలాడుతుంటాయి. పొద్దున్నే చిన్న పడవ మీద వాటిని కట్టే మనిషి పనితనానికి నా దండం.

తవుడంటే వరి దాచుకున్న ఎండే. చెరువులో ఎండ చేపకు చేరే ఇంకో దారి కూడా ఉంది: ఎండ నుంచి పచ్చటి సూక్ష్మ నాచుకు, దాని నుంచి కంటికి సరిగా ఆనని జీవులకు, వాటి నుంచి బొచ్చెకు. మెట్టు మెట్టుకూ ఎక్కువ భాగం వేడిగా పోతుంది. పైకి చేరేది సుమారు పదో వంతు. ఈ లెక్కలకు 1942లో బాట వేసినవాడు రేమండ్ లిండెమన్, అదీ అమెరికాలో ఒక చిన్న సరస్సును చూసి.

మనవాడి కొలతలు వేరు. సంచి ఎత్తి, మిగిలిన తవుడు బరువును బట్టి రేపటి మేత తేలుస్తాడు. మోచేతి దాకా చేయి ముంచి, అరచేయి ఎక్కడ మాయమైందో చూసి నాచు పలచనో చిక్కనో చెప్పేస్తాడు. మబ్బు పడితే మేత తగ్గిస్తాడు: ఎండ లేనప్పుడు నాచు ఇచ్చే ప్రాణవాయువు తక్కువ, మిగిలిన తవుడు కుళ్లితే ఉన్న కాస్తా లాగేస్తుంది. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిస్తే మోటారు వేయడానికి పరుగెత్తేదీ అతనే. కిలో రేటు మాట్లాడుకునేటప్పుడు మాత్రం అతని ఊసు ఎవరూ ఎత్తరు.