కందెన పాఠములో ఒక లోటు

ఘర్షణను గూర్చి ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర గ్రంథములలో సాధారణముగ కనుపించు పాఠము కూలంబు సూత్రములతో సాగి, చివర రెండు మూడు వాక్యములలో కందెనను ముగించును. లోహతలములపై ఎగుడుదిగుడులుండును, నూనె ఆ పల్లములను పూడ్చి తలమును నునుపు చేయును, కనుక ఘర్షణ తగ్గును. ఇంతే. ఈ వివరణ పూర్తిగ అబద్ధము కాదు గాని, తిరుగు ఇరుసు విషయమున విద్యార్థిని పెడదారి పట్టించును. దీనిని నమ్మినవాడు బుష్షుకు నూనె రంధ్రమును ఎచ్చట తొలువవలెనో చెప్పలేడు. ఎచ్చటనైన నేమి, నూనె లోపలికి పోయిన చాలును గదా యనుకొనును.

ఆ ప్రశ్నకు సమాధానము 1883లోనే అచ్చయినది. ఇంగ్లండులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు బీచం టవర్ సమర్పించిన నివేదిక అది. నాలుగు అంగుళముల వ్యాసముగల ఇరుసుపై అర్ధవృత్తమునకు కొంచెము తక్కువగ కప్పు బేరింగు నుంచి, దానిపై బరువు వేసి, ఇరుసు క్రిందిభాగము నూనెలో మునిగియుండగా ఆయన త్రిప్పించెను. పిమ్మట మామూలు నూనెబుడ్డి నమర్చుటకై బేరింగు నడినెత్తిన రంధ్రము తొలువగా, నూనె లోనికి పోవుటకు మారు పైకి పొంగినది. బెండు బిరడా పెట్టిరి, కర్రమేకు దిగగొట్టిరి, రెండును బయటకు నెట్టబడినవి. పీడనమాపకము నమర్చగా దాని ముల్లు చదరపు అంగుళమునకు 200 పౌనుల గుర్తును దాటిపోయినది. సగటు బరువో 100 పౌనులే! ఇందు వింత లేదు. అంచులకడ నూనెపొర బయటి గాలికి తెరచియుండుటచే అచ్చట పీడనము స్వల్పము. ఆ లోటు తీరుటకు నడుమ పీడనము సగటును మించక తప్పదు.

టవర్ నివేదిక గొప్పతనమంతయు ఆ బిరడాను దాచకపోవుటలో నున్నది. అనుకొనని అవాంతరమును కొట్టివేయక, బేరింగు నూనెపై తేలుచున్నదని ఆయన గ్రహించెను. ఏల తేలుచున్నదో చెప్పినది 1886లో ఆస్‌బర్న్ రేనాల్డ్స్. ఇరుసు, బేరింగుల కేంద్రములు ఏకీభవింపవు; ఎడము ఒకవైపు వెడల్పై మరొకవైపు సన్నగిల్లును. తిరుగుచున్న ఇరుసు స్నిగ్ధతచే నూనెను వెంట లాగుకొనిపోయి ఆ ఇరుకులో కుక్కును, పీడనము పుట్టును. రేనాల్డ్స్ గణితము పాఠశాల విద్యార్థికి అందదు. ఈ భావము అందును. దానిని విడిచిపెట్టుటకు కారణము కనబడదు. నూనె రంధ్రమును, గాడిని బరువు పడని వైపుననే ఉంచవలెనని దీనివలన వెంటనే తేలును. బరువు పడుచోట తీసిన గాడి నూనె పారిపోవు దారి యగును.

అట్లని ప్రతి బుష్షును నూనెపై తేలించుటయు తప్పే. నెమ్మదిగ కదులు భాగములలో అట్టి పొర నిలువదు. బండి ఇరుసుకు రైతు పలుచని నూనె పోయక చిక్కని కందెన పెట్టుట ఇందుకే. వేగముగ తిరుగు యంత్రమునందును, కదలునపుడు, ఆగునపుడు లోహము లోహమును తాకును. కావున బుష్షు ఇరుసుకన్న మెత్తనిదై యుండవలెను. అరిగిన బుష్షును మార్చుట చవక, ఇరుసును మార్చుట ఖర్చు. 1839లో ఐజాక్ బాబిట్ పేటెంటుతో ప్రసిద్ధికెక్కిన తగరపు మిశ్రలోహము ఇసుక రేణువులను సైతము తనలో ఇముడ్చుకొని ఇరుసును గీతలనుండి కాపాడును.

చిన్న ఫ్యానులలో తరచు వాడు బుష్షు ఇంకను మంచి ఉదాహరణము. రాగి, తగరముల పొడిని అచ్చులో నొక్కి కాల్చి దానిని చేయుదురు. ఘనపరిమాణములో సుమారు ఐదవ వంతు సూక్ష్మరంధ్రములే, వానినిండ నూనె. వేడెక్కినపుడు ఊరి, చల్లారినపుడు వెనుకకు పోవును. దీనికి గ్రీజు పూసినచో రంధ్రములు మూసికొనును. పాఠములో 'నూనె' అనియే యుండును. ఏ నూనెయో చెప్పరు. కుట్టుమిషనుకు ఇంటిలోని కొబ్బరినూనె పోసినచో అది సుమారు 24 డిగ్రీల సెంటీగ్రేడు దిగువన పేరుకొనును.

పాఠములోని రంపపు పండ్లవంటి బొమ్మ ప్రక్కన, ఒక వృత్తములో కేంద్రము తప్పిన మరియొక వృత్తమును గీచిన చాలును. ఎడమును పెక్కురెట్లు పెంచి చూపితిమని బొమ్మ క్రింద వ్రాయవలెను. 25 మిల్లీమీటర్ల ఇరుసుకు, బుష్షుకు వ్యాసములలో నుండు భేదము సాధారణముగ 0.025 మిల్లీమీటరు ప్రాంతముననే యుండును.