అరికాలి కమాను

మనిషి పాదంలోని 26 ఎముకలు నేలకు పూర్తిగా ఆనకుండా మూడు వంపులుగా అమరి ఉంటాయి: బొటనవేలి వైపు ఒకటి, చిటికెన వేలి వైపు ఒకటి, పాదానికి అడ్డంగా మరొకటి. తడికాలితో నాపరాయి మీద అడుగేస్తే మడమ, బయటి అంచు, వేళ్ల మొదళ్లు అచ్చుపడతాయి. లోపలివైపు పొడిగా మిగిలిన జాగాయే మొదటి వంపు.

మూడింట్లో ఎత్తైనది, ఎక్కువ పని చేసేది అదే. ఉదయగిరి దుర్గం మీది కమానుల్లో నడినెత్తిన బిగించిన రాయి చేసే పనిని ఇక్కడ తాలస్ ఎముక చేస్తుంది. ఒంటి బరువును అందుకుని వెనక మడమకు, ముందు వేళ్ల వైపుకు పంచుతుంది. అయితే రాతి కమాను కదలదు, పాదం కదలాలి. అందుకే ఎముకల పొందిక ఒక్కటే చాలదు. మడమను వేళ్ల మొదళ్లతో కలిపి కట్టే ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పొర, తాలస్‌ను కిందినుంచి మోసే స్ప్రింగ్ లిగమెంట్, పిక్కలోంచి చీలమండ లోపలిగా దిగే టిబియాలిస్ పోస్టీరియర్ కండరపు స్నాయువు కావాలి. పెద్దవాళ్లలో ఆ చివరిది దెబ్బతింటే అప్పటిదాకా బాగున్న వంపు కూడా కుంగిపోతుంది. చిటికెన వేలి వైపు వంపు పొట్టిది, పెద్దగా కదలదు.

దుర్గం ఎక్కేటప్పుడు మడమ లేచి వేళ్లు వంగగానే ఫేషియా బిగుసుకుని వంపును పైకి లేపుతుంది, పాదం గట్టిపడుతుంది. 1954లో జె.హెచ్. హిక్స్ దీన్ని వివరించారు. అడుగు ఆనినప్పుడు అదే వంపు కొద్దిగా సాగి, ఎగుడుదిగుడు రాళ్లకు ఒదుగుతుంది.

పసిపిల్లల అరికాలు కొవ్వుతో చదునుగానే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ వంపు తేలుతుంది. రావు, బెంజమిన్ జోసెఫ్ మన దేశంలో 2,300 మంది పిల్లల అడుగుల అచ్చులు తీసి 1992లో ఫలితాలు ప్రచురించారు. పాదరక్షలు వాడేవాళ్లలో 8.6 శాతం మందికి, వాడనివాళ్లలో 2.8 శాతం మందికే చదునుపాదం కనిపించింది. వేళ్లు మూసే బూట్లు వేసుకునేవాళ్లలో అది మరీ ఎక్కువ. ఆత్మకూరు పిల్లలు బడి నుంచి రాగానే బూట్లు విప్పి మట్టిలో ఆడుకుంటే అడ్డుపడాల్సిన పనిలేదు. షుగరు వల్ల కాలి స్పర్శ తగ్గిన పెద్దలు మాత్రం చెప్పు లేకుండా అడుగు వేయకూడదు.

పోలీసు ఎంపికల్లో చదునుపాదం అనర్హత కాబట్టి పల్లె కుర్రాళ్లకు దాని గురించి బెంగ ఎక్కువ. మునివేళ్ల మీద నిలబడ్డప్పుడు వంపు లేస్తే పాదం సాగే గుణంతోనే ఉన్నట్టు. నొప్పి లేకపోతే వైద్యం అక్కర్లేదు. అప్పుడూ లేవకపోతే లోపల ఎముకలు అతుక్కుని ఉండవచ్చు, ఎముకల డాక్టరుకు చూపించాలి.