కుశీలవులు

విశాఖ మన్యమున అరకు లోయలోను, దానిఁ జుట్టియున్న తూర్పుకనుమలలోను వాల్మీకులను పేర నొక తెగవారు నివసించుచున్నారు. ఆదికవి తమకు మూలపురుషుఁడని వారు చెప్పుకొందురు. ప్రభుత్వమువారి షెడ్యూల్డు తెగల పట్టికలో నీ పేరు మన్యప్రాంతములకు మాత్రమే పరిమితమై కానవచ్చును. ఈ వాడుక చరిత్రయందు నిలుచునా నిలువదా యను విచారణ యిచటఁ బ్రస్తుతము కాదు. ఆటపాటలు గల యొక జనము తన పుట్టుకను రాజులయందుఁ గాక కవియందు వెదకికొనుట మాత్రము సామాన్యమైన సంగతి కాదు. ఏలయన, ఆ కవి పాటను మొట్టమొదటఁ బాడిన యన్నదమ్ములు కడకుఁ గవికి దక్కలేదు, రాజునకు దక్కిరి. వారు పాటను విడిచి యింటికిఁ బోయిరా, లేక యిల్లే వారి పాటను మ్రింగెనా యను ప్రశ్నను వ్యాఖ్యాతలు తేలికగా దాఁటిపోయిరి.

ముందుగా శబ్దవిచారము. బాలకాండము నాలవ సర్గమున మహర్షి తన కావ్యమును 'కుశీలవు'లకు నేర్పెనని యున్నది. కుశుఁడును లవుఁడును అను నర్థమున నిది ద్వంద్వమే యైనచోఁ 'గుశలవౌ' అని యుండవలయును. నడిమి దీర్ఘేకారము పాణినీయమునకు లొంగదు. పృషోదరాదులలోఁ జేర్చుటయో, ఆర్షమని యూరకుండుటయో తప్ప వేఱు దారి లేదు. కాని కుశీలవశబ్దమునకు లోకమున వేఱొక యర్థము మొదలే సిద్ధమై యున్నది. అమరసింహుఁడు చారణులకు దానిని బర్యాయముగాఁ జెప్పినాఁడు. కుత్సితమైన శీలము గలవాఁడని దానికి వ్యుత్పత్తి చెప్పుదురు. మనువు మూడవ యధ్యాయమున శ్రాద్ధపంక్తికిఁ దగనివారిని లెక్కించుచుఁ గుశీలవునిఁ బేర్కొన్నాఁడు. కౌటిల్యుఁడు కుశీలవులు వానకాలమున నొక్కచోటనే నిలువవలయునని శాసించినాఁడు. అనఁగాఁ దక్కిన నెలలలో వారికి నిలుకడ లేదన్నమాట. ఊరే లేనివాని కిల్లెక్కడిది? పాడి బ్రతుకువాఁడు గృహస్థుల పంక్తికి వెలుపలివాఁడని శాస్త్రము తీర్చిన తీర్పంతయు నీ యొక్క మాటలో నిమిడియున్నది. అట్టి మాటను ఆదికావ్యము రఘువంశపుఁ గవలలకుఁ బెట్టినది. ఇది యక్షరసామ్యమువలనఁ గలిగిన భ్రాంతి యని త్రోసివేయుట సులభమే. కాని ఆ కవలలు మునుల సదస్సులలోను, రాజవీథులలోను వీణ మేళవించి పాడుచుఁ దిరుగుట కావ్యమున నున్నది గదా! నామమే కాదు, వృత్తియుఁ గుశీలవులదే.

ఆ వృత్తికిఁ గల జీవన మెట్టిదో చూడవలయును. బాలకాండమున వారి గానమును విన్న మునులు బహుమానము లిచ్చిరి. ఒకఁడు కలశము నిచ్చెను, ఒకఁడు వల్కలము నిచ్చెను. వీనిని బాలురు కాదనలేదు. ఉత్తరకాండమున నంతయు మాఱినది. అశ్వమేధవాటమునకుఁ బంపుచు వాల్మీకి దినమునకు 20 సర్గముల చొప్పునఁ బాడుఁడనియు, ధనమునందు లోభము వలదనియు, ఫలమూలములు దినువారికి ధనముతోఁ బని యేమనియు హెచ్చరించెను. రాముఁడు 18,000 సువర్ణములు ఇప్పింపఁబోఁగా నన్నదమ్ములు అడవిలో బంగారముతో నేమి చేయుదుమని తిరస్కరించిరి. కలశమును గైకొన్నవారు కాంచనము నేల కాదనిరి? కలశ మిచ్చిన ముని తనకున్నదానిలోఁ బాలుపెట్టినాఁడు. కాంచన మిచ్చిన రాజు పాటకు వెల కట్టినాఁడు. వెల పుచ్చుకొన్న క్షణమున వారు స్మృతికారులు చెప్పిన కుశీలవులు కాఁగలరు. ఇంతకన్న దారుణమైన విషయ మొకటి కలదు. వెల కట్టినవాఁడు కన్నతండ్రి. ఆ సంగతి మహర్షికిఁ దెలియును, బాలురకుఁ దెలియదు. తండ్రి బిడ్డల పాటకుఁ గూలి యిచ్చు దృశ్యమును దప్పించుటకే గురువు ముందుగా హెచ్చరించెనని యూహించుట యనుచితము కాదు.

పిమ్మట జరిగినది సర్వవిదితము. సీత శపథము చేసి భూమిలోఁ జొచ్చెను. రాముని శోకకోపములను జూచి బ్రహ్మ మిగిలిన కావ్యమును వినుమని చెప్పెను. మఱునాఁటి యుదయమున రాముఁడు మునులను గూర్చుకొని, శంకింపక పాడుఁడని కొడుకులతోఁ బలికెను. కొడుకులని కవి యిచట స్పష్టముగా ననుచున్నాఁడు. నిన్నటివఱకు వారు ఒక రాజునెదుట వాల్మీకి శిష్యులు. నేఁడు తండ్రియెదుటఁ బుత్రులు. నిన్న తల్లి యుండెను, నేఁడు లేదు. పాడవలసినది జరిగిన కథయుఁ గాదు, జరుగఁబోవు కథ. అందుఁ దండ్రి నిర్యాణమును గలదు. వారి గొంతు పూడెనని గాని, శ్రుతి తప్పెనని గాని మహర్షి వ్రాయలేదు. పాడిరని మాత్రమే యున్నది. ఉత్తరకాండమును బ్రక్షిప్తమని తీసివేయువా రీ సర్గము నొక్కమాఱు చదివి మఱి తీసివేయవలయును.

అది వారి కడపటి పాట. విడిచిరన్న మాట కావ్యమున నెక్కడను లేదు; ఆ తరువాత పాడిరన్న మాటయు లేదు. రాముఁడు కోసలమునఁ గుశుని, ఉత్తరకోసలమున లవుని నిలిపెను. ఒకనికి వింధ్యపాదమునఁ గుశావతి, మఱియొకనికి శ్రావస్తి. మూర్ఛనాస్థానము లెఱిఁగి యొక్క కంఠముగాఁ బాడినవారికి రెండు రాజధానులు గట్టిరి. ఆశ్రమమున నుండఁగా వారికిఁ బాట యుండెను, తండ్రి లేఁడు. తండ్రి దొరికెను, తల్లి పోయెను. రాజ్యము దొరికెను, ఒకరికొకరు దూరమైరి. ఈ మూఁటిలో నే యొక్కటియు వారు కోరి తీసికొన్నది కాదు. పాటయా యిల్లా యని వారి నడిగినవాఁడు లేఁడు.

కాళిదాసు ఈ మౌనమును గ్రహించిన కవి. రఘువంశము పదునైదవ సర్గమున జనులు బాలుర నేర్పునకంటె, రాజు ప్రీతితో నిచ్చుదానియందు వారికిఁ గల నిస్పృహకే యెక్కువ విస్మయము నందిరని వ్రాసినాఁడు. మెచ్చికోలుగానే వ్రాసియుండును. అయినను పాట వినవచ్చినవారు పాటను మఱచి పాడువారి నడవడికి ముగ్ధులగుట పాటకుఁ గలిగిన గౌరవ మనుట కష్టము. పదునాఱవ సర్గము కుశునిది. అయోధ్యాధిదేవత రాత్రివేళ వచ్చి పాడుపడిన తన వీథులను వర్ణించును. అతఁడు కుశావతిని విడిచి తండ్రి నగరమునకు మరలును. సరయువున జలక్రీడ లాడును. నాగుని చెల్లెలు కుముద్వతిని బెండ్లాడును. ఇంత కథలో నతఁ డొక్కసారి యైనను బాడఁడు. ఆ వంశమున వాద్యమును జేతఁ బట్టిన రాజు తుది సర్గమునఁ గాని కానరాఁడు. వాఁ డగ్నివర్ణుఁడు. రాచకార్యమును మంత్రులకు వదలి, నర్తకులకుఁ దానే మృదంగము వాయించి, వారు అభినయము దప్పఁగా గురువుల యెదుట వారే సిగ్గుపడునట్లు చేసిన భోగి. క్షయరోగముతో మరణించినవాఁడు. పాటతోఁ బ్రవేశించిన కుశుఁడు రాజైన పిదప మూగవాఁడయ్యెను. వాద్యముతోఁ బ్రవేశించిన యగ్నివర్ణుఁడు రాజు కాకపోయెను. వీరికి ముందు నజుఁ డొక్కఁడు భార్యను లలితకళలలోఁ దన ప్రియశిష్యురాలనినాఁడు గాని, ఆ మాట యాతని నోట వచ్చునప్పటికి నిందుమతి చనిపోయియున్నది.

భవభూతి మఱింత జంకినాఁడు. ఉత్తరరామచరితమున నన్నదమ్ములు గాయకులే కారు. నాలవ యంకమున లవుఁడు జనకునితోఁ జెప్పుమాట చూడుఁడు: ప్రయోగమునకై వేఱుగఁ గూర్చిన భాగమును మహర్షి భరతాచార్యుని యాశ్రమమునకుఁ బంపెనఁట, ఆ వ్రాఁతప్రతికిఁ గాపుగా విల్లు పట్టుకొని యన్న వెళ్లెనఁట! పాడవలసిన కుశుఁడు పుస్తకమునకుఁ గావలివాఁడైనాఁడు. ఆఱవ యంకమున రాముఁ డడుగఁగా రెండు శ్లోకములు చదువుటతో నతని కళ ముగిసినది. ఏడవ యంకమున సీతారాములను గూర్చు నాటకము నాడువారు అప్సరసలు. కరుణమును బోషించుటలో నెదురులేని యీ కవికి రాజపుత్రులను రంగస్థలమునఁ బాడించుటకుఁ జేతులు రాలేదు. కుశీలవశబ్దముపై స్మృతులు వేసిన మచ్చ యతనిని భయపెట్టినదేమో.

తెలుఁగునఁ గంకంటి పాపరాజు మొదలగువారు ఉత్తరరామాయణమును హృద్యముగాఁ జెప్పినను ఈ విషయమున మూలము నడిచిన త్రోవనే నడచిరి. తెలుఁగువారు కొత్తగాఁ జేసిన మార్పు పేరులోఁ గలదు. మన జనులు కుశలవు లనరు, లవకుశు లందురు. ద్వంద్వమున నన్న పేరు ముందుండవలయునని వార్తికము విధించుచున్నది. ఉత్తరకాండము ననుసరించి యన్న కుశుఁడు. కావున లవకుశ యనునది తప్పని వైయాకరణుఁ డనఁబోవును. తొందరపడరాదు. కథాసరిత్సాగరమున సీత కన్నది లవు నొక్కనినే. బిడ్డ కానరాక మహర్షి భయపడి దర్భతోఁ గుశుని సృజించెను. ఆ కథలో లవుఁడే జ్యేష్ఠుఁడు, లవకుశులే సాధువు! 1934లోను, 1963లోను వచ్చిన తెలుఁగు చలనచిత్రములు రెండును ఆ పేరనే వెలసినవి. రెండవదానిలో నన్నదమ్ముల పాటలను బాడినవారు పి. లీల, పి. సుశీల. పెక్కుమంది తెలుఁగువారు నేఁడు కుశలవుల గొంతని తలఁచునది యీ యిద్దఱు స్త్రీల గొంతే. కావ్యమున రాజపుత్రులు మానిన పాటను లోకము వేఱొకరిచేతఁ బాడించుకొనుచునే యున్నది.

ఆ యిద్దఱిలో సుశీలది విజయనగరము. అచటినుండి పడమటి దిక్కునఁ గొండ లెక్కినచో మొదటఁ జెప్పిన వాల్మీకుల సీమ వచ్చును. 2022 ఏప్రిలు 4వ తేదినుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. అచటి యాట పేరు ధింసా. బగతలు, వాల్మీకులు, పొర్జలు, ఖోండులు, గదబలు, కొండదొరలు, కోటియాలు దీని నాడుదురు. చైత్రమున వేఁటపండుగకును, పెండ్లిండ్లకును మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మ్రోయఁగా ఆడువారు ఒకరి వెనుక నొకరు చేతులు పెనవైచికొని వరుసకట్టి యడుగులు వేయుదురు. గ్రామదేవతకై యాడు బోడ ధింసాలోఁ గుడివైపు మొదటివాఁడు నెమలియీఁకల గుత్తి పట్టి నడిపించును. ఆకులు కోయుట పొతర్‌తోల ధింసా, పులి మీఁదఁబడుట బాగ్ ధింసా. నాటికారి ధింసా యొంటరిగా నాడునది. దీపావళికి దానిని వాల్మీకులు విశేషముగా నాడుదురు. ఒక యూరివారు మఱియొక యూరికిఁ బోయి కలసి యాడి, కలసి తిని వచ్చుటకు సంకిడి కేల్బార్ అని పేరు. ముసలివారును బడుచువారును ఒక్క వరుసలో నుందురు. పెండ్లి యాటకు నడ్డు కాదు, పెండ్లికే యాట.

వరుస యను తెలుఁగుమాటకుఁ బంక్తి యనియు, బంధుత్వ మనియు రెండర్థములు. మనువు కుశీలవునిఁ బంక్తినుండి వెలివేసినాఁడు. ఇచట నాటయే పంక్తి. అక్కచెల్లెండ్రు, వదినమఱఁదండ్రు, అత్తకోడండ్రు వరుస తప్పక నిలుచు చోటు ధింసా. పొలము, వంట, బిడ్డ, ఆట యను నాలుగును అదే చేతుల పని.

నేఁడు అరకు వచ్చు యాత్రికులకై విడుదులలో సాయంకాలము ధింసా నాడి కూలి పుచ్చుకొనుచున్నారు. ఆట యమ్ముడుపోయెనని వగచు విద్వాంసులు కలరు. వారు కొండవారిని గుశలవులు కమ్మని కోరుచున్నారు. కుశలవులకు ఆశ్రమము కూడు పెట్టెను. 18,000 సువర్ణములు కాదన్నవారికిఁ బిమ్మటఁ గోసలరాజ్యమంతయు దక్కెను. కొండయింటి యాఁడుబిడ్డకు ఆ రెండును లేవు. ఆట యైనతోడనే యామె యింటికిఁ బోయి కుండ యెక్కింపవలయును. ఆ కూలి కుండలోనికే పోవును. దానిని దప్పుపట్టుటకు ధర్మశాస్త్రము చాలదు. పరీక్షింపవలసిన చోటు వేఱు. ఊరి పండుగలో వరుసను నిర్ణయించునది బంధుత్వము. కూలియాటలో నిర్ణయించువాఁడు పిలిచినవాఁడు. అతఁడు పడుచువారు పదుగురు చాలుననినచో, అత్త వరుసనుండి జాఱినచో, బిడ్డను జంకఁబెట్టుకొన్నదానిని వలదనినచో నప్పుడు గలుగును అచటఁ గుశీలవవృత్తి. అప్పటికి ఆ యాటగత్తెకును పాటయా యిల్లా యను ప్రశ్న వచ్చును. ఆదికావ్యమున నా యన్నదమ్ముల నెవ్వరు నడుగని యా ప్రశ్నకు ఆమె యేమి చెప్పునో, ఆమె మాటలోనే, ఆమె భాషలోనే వ్రాసికొనవలసిన పని పరిషత్తులకుఁ గలదు.