టిక్కెట్టు మనిషికి, సుంకం పెట్టెకి

భోజన హోటల్లో ఫుల్ మీల్స్ టిక్కెట్టు ఒకటే. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునే బక్కప్రాణీ, మూడుసార్లు సాంబారు పోయించుకునే భీమసేనుడూ ఒకే డబ్బిస్తారు. ఇది అన్యాయమని ఎవరూ కోర్టుకెక్కిన దాఖలా లేదు. అమెరికా విమాన కంపెనీలకి మాత్రం 2008లో ఈ అన్యాయం హఠాత్తుగా కళ్ళబడింది.

ఆ ఏడాది జూన్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సామాన్లలో వేసే మొదటి పెట్టెకే 15 డాలర్లు పుచ్చుకోవడం మొదలెట్టింది. మిగతా పెద్ద కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. చమురు ధర మండిపోతోంది, బరువుని బట్టి ఇంధనం కాలుతుంది, పెట్టె లేనివాడు ఉన్నవాడి ఖర్చు ఎందుకు మొయ్యాలి? ఇదీ వాదం.

వాదం బాగానే ఉందండీ, నేను కాదనను. చేతిసంచీతో పోయేవాడికి టిక్కెట్టు చవగ్గా దొరికితే ఎవరికి కడుపుమంట? కానీ వసూలు ఆ వాదం ప్రకారమే జరుగుతోందా అన్నదే నా పేచీ.

బరువే కారణమైతే త్రాసు మాట్లాడాలి కదా! అక్కడ 5 కిలోల పెట్టెకీ, 22 కిలోల పెట్టెకీ రుసుం ఒక్కటే. సుమారు 23 కిలోలు దాటితేనే త్రాసుకి నోరొస్తుంది. అంటే ఫుల్ మీల్స్ పద్ధతి తప్పన్న పెద్దమనుషులే పెట్టె దగ్గర మళ్ళీ ఫుల్ మీల్స్ వడ్డిస్తున్నారన్నమాట.

పోనీ, చమురే కారణమనుకుందాం. 2008 జూలైలో పీపా 147 డాలర్లు తాకిన చమురు డిసెంబరులో 40కి దిగువకి జారిపోయింది. రుసుం మాత్రం దిగిరాలేదు.

అసలు కిటుకు ఇంకోచోట ఉంది. అక్కడ దేశంలో తిరిగే విమానాల టిక్కెట్టు ధర మీద 7.5 శాతం ఫెడరల్ పన్ను ఉంది. పెట్టె రుసుం మీద ఆ పన్ను లేదు. అదే సొమ్ము టిక్కెట్టులో కలిస్తే సర్కారుకి వాటా, విడిగా అడిగితే అంతా కంపెనీదే!

జనం మాత్రం ఊరుకుంటారా? పెట్టెలన్నీ చంకనెట్టుకుని లోపలికే వచ్చేశారు. నెత్తిమీద అరల కోసం తోపులాట మొదలైంది. 2010లో స్పిరిట్ కంపెనీ ఆ అరలో పెట్టే పెట్టెకీ ధర కట్టేసింది. రెండు పెట్టెలు ఉచితమని ఏళ్ళ తరబడి టముకు వేసిన సౌత్‌వెస్ట్ కూడా 2025 మే 28 నుంచి చాలామంది దగ్గర మొదటి పెట్టెకి 35, రెండోదానికి 45 డాలర్లు తీసుకోవడం మొదలెట్టింది.

ఈ లెక్కలో నలిగేది ఎవరో తెలుసా? పిల్లల దగ్గరికి హైదరాబాదు నుంచి వెళ్ళే మన అమ్మానాన్నలు. ఒకే టిక్కెట్టు మీద చివరిదాకా పోతే సాధారణంగా పెద్ద ప్రయాణం నియమాలే వర్తిస్తాయి. చవగ్గా ఉందని లోపలి ప్రయాణానికి వేరే టిక్కెట్టు కొన్నారో, సముద్రాలు ఉచితంగా దాటొచ్చిన ఆవకాయ పెట్టెకి రెండు గంటల ప్రయాణంలో సుంకం పడుతుంది. కౌంటరు ముందు ఆ పెద్దాయన జేబులు తడుముకుంటూ నిలబడటం నేను చూశాను. డబ్బు పోయినందుకన్నా, నలుగురిలో నిలదీసినట్టయినందుకే ఆయన మొహం చిన్నబోయింది.

నన్నడిగితే టిక్కెట్టు నాలుగు డాలర్లు పెరిగినా ఒకే అంకె మేలు. కాదు, విడిగానే తీసుకుంటామంటారా? అయితే కిలోల లెక్కన తీసుకోండి. పెట్టెతో కలిపి మొత్తం ఎంతవుతుందో టిక్కెట్టు ధర చెప్పేచోటే, అంత పెద్ద అక్షరాలతోనే చెప్పండి.