చల్లారిన సూర్యుడు: వెల్స్ 'టైమ్ మెషీన్'పై ఒక పరిశీలన

ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ వ్రాసిన 'టైమ్ మెషీన్' అనే చిన్న నవల 1895లో వెలువడింది. కాలంలో ముందుకు పోయి మానవజాతి భవిష్యత్తును, భూమి అంత్యదశను చూచి వచ్చిన ఒక శాస్త్రజ్ఞుని సాహసగాథ ఇది. ఇందులోని ఖగోళ విజ్ఞానం చాలవరకు పొరపాటని తరువాత తేలింది. అటువంటి పుస్తకాన్ని విజ్ఞానశాస్త్రం నేర్చుకొనే విద్యార్థుల చేతికి ఇవ్వవచ్చునా? ఇవ్వాలనే నా అభిప్రాయం. కారణాలు మనవి చేస్తాను.

కథానాయకుడు క్రీ. శ. 8,02,701వ సంవత్సరంలో దిగుతాడు. నాలుగడుగుల ఎత్తున ఉండి, పండ్లు తింటూ, ఆడుతూ పాడుతూ కాలం గడిపే ఎలోయీలను చూచి, పేదరికమూ పోరాటమూ లేని స్వర్ణయుగం వచ్చిందని మొదట తలుస్తాడు. తరువాత నేలలోని బావులనుండి యంత్రాల మోత వినిపిస్తుంది. పాలిపోయిన దేహాలతో, చీకటికి అలవాటుపడిన పెద్ద కండ్లతో మోర్లాకులు కనబడతారు. వీరు పూర్వపు కార్మికుల సంతతి అనీ, ఎలోయీలు ధనికుల సంతతి అనీ, పెత్తనం ఇంకా ధనికులదేననీ అతడు ఊహిస్తాడు. చివరకు మోర్లాకులే ఎలోయీలను పశువులవలె పెంచి తింటున్నారని తెలుస్తుంది.

ఉపాధ్యాయులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. అతడు ఒక ఊహను ప్రతిపాదిస్తాడు. కొత్త సాక్ష్యం దొరకగానే దానిని విడిచి వేరొకటి నిర్మిస్తాడు. తన పొరపాటును దాచడు. ప్రయోగశాలలో మనం నేర్పదలచిన అలవాటు ఇదే గదా! లండనులో టి. హెచ్. హక్స్లీవద్ద జీవశాస్త్రం చదివిన వెల్స్‌కు ఈ పద్ధతి పరిచితమే. ధనికులకూ పేదలకూ మధ్య వివాహాలు తగ్గిపోవడం జాతి రెండుగా చీలడానికి దారితీసిందని చెప్పడంలోనూ ఆ చదువు కనిపిస్తుంది.

చివరి ప్రయాణంలో అతడు మూడు కోట్ల ఏండ్లకు పైగా ముందుకు పోతాడు. భూమి తన చుట్టూ తాను తిరగడం మానివేసింది. ఆకాశంలో పెద్ద ఎఱ్ఱని సూర్యుడు కదలక నిలిచి ఉన్నాడు. సముద్రతీరాన మంచు, రాళ్లపై పచ్చని పాచి. ఇంతలో గ్రహణం పట్టి చీకటి కమ్ముతుంది. పక్షి కూత లేదు, పురుగు చప్పుడు లేదు. ఇసుకతిన్నెపై బంతివంటి నల్లని ప్రాణి ఒకటి గెంతుతూ ఉంటుంది. దయ్యాలూ రాక్షసులూ లేకుండానే పాఠకుని గుండె జల్లుమంటుంది. మనిషి ఉన్నాడో లేడో పట్టించుకోని విశ్వాన్ని చూచినందువల్ల కలిగే భయమది.

మరి ఇందులో పొరపాటు ఏమిటి? సూర్యుడు తన బరువువల్ల కుంచించుకుపోతూ వేడినిస్తున్నాడని ఆనాడు హెల్మ్‌హోల్ట్జ్, కెల్విన్ వంటి పెద్దలు భావించారు. ఆ లెక్కన అతని ఆయువు కొద్ది కోట్ల ఏండ్లలోనే తీరిపోవాలి. రేడియోధార్మికత బయటపడింది నవల వచ్చిన మరుసటి ఏడు, 1896లో. హైడ్రోజన్ హీలియంగా మారడంవల్ల నక్షత్రాలకు శక్తి కలుగుతుందని బేథే వివరించింది 1939లో. సూర్యుని వయస్సు సుమారు 460 కోట్ల ఏండ్లు. అతనిలోని హైడ్రోజన్ మరి 500 కోట్ల ఏండ్లకు సరిపోతుంది. పైగా అతని కాంతి మెల్లమెల్లగా పెరుగుతున్నది. కాబట్టి భూమికి రానున్న గండం చలి కాదు, వేడి. ఇక భూభ్రమణం సంగతి. సముద్రపు పోటుపాటుల రాపిడివల్ల దినప్రమాణం నూరేండ్లకు సుమారు 2 మిల్లీసెకన్లు పెరుగుతున్నది. ఈ లెక్కన మూడు కోట్ల ఏండ్లలో పెరిగేది 600 సెకన్లు, అనగా పది నిమిషాలు మాత్రమే!

ఈ పొరపాట్లకు వెల్స్‌ను నిందించలేము. అవి ఆనాటి ఉత్తమ విజ్ఞానంనుండి వచ్చినవే. నిజమైన లోపం యంత్రం విషయంలో ఉన్నది. కాలం నాలుగవ పరిమాణమని గంభీరంగా వాదించిన రచయిత, యంత్రం ఎట్లా పనిచేస్తుందో చెప్పవలసి వచ్చేసరికి నికెలు, దంతం, స్ఫటికాల మెరుపు చూపి దాటవేశాడు.

ఉపాధ్యాయులు పై లెక్కను విద్యార్థులచేతనే వేయించవచ్చు. సూర్యుడు త్వరలో చల్లారుతాడన్న భయం ఆ లెక్కతో తీరుతుంది. కాని కొందరు చీకటిలో శ్రమిస్తూ ఉంటే, మరికొందరు వెలుగులో సుఖిస్తూ ఉండే ఏర్పాటు ప్రకృతి నియమం కాదు. మనుష్యులు చేసుకొన్నది, మనుష్యులే మార్చుకోగలిగినది. ఈ తేడాను విద్యార్థి తనంతట తాను గ్రహించగలిగితే, పుస్తకం చదివిన ఫలం దక్కినట్లే.